ఎర్త్ ఉందన్నా సరే, పనిచేస్తుందా? గార్డెన్ లైట్ పోల్ వెనక ఉన్న పెద్ద కథ

ఈ ఎపిసోడ్ టాపిక్ చూడ్డానికి చాలా చిన్నది. ఇంటి ముందు లాన్‌లో, ఫంక్షన్ హాల్ గేటు పక్కన, కాలనీ పార్కులో ఉంటుంది చూడండి, నడుమెత్తు ఇనుప లైట్ పోల్. అదే. పిల్లలు దాన్ని పట్టుకుని గిరగిరా తిరుగుతారు, పెద్దోళ్ళు దానికి ఆనుకుని ఫోన్ మాట్లాడతారు. దీనికి హిస్టరీ ఎపిసోడ్ ఏంటి అంటారా? ఆ పోల్ నుంచి భూమిలోకి ఒక తీగ పోవాలి. దాన్నే మనం ఎర్త్ అంటాం. ఆ తీగ కథ 1838లో జర్మనీలో మొదలవుతుంది. మన ఎర్రగుంట్ల బండ దగ్గరకి వచ్చేసరికి దానికి పెద్ద చిక్కు వచ్చి పడుతుంది. ఆ చిక్కేంటో తెలియకపోతే ప్రాణాలు పోతాయి. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు మూడు సంఘటనలు చెప్తాను. మూడూ న్యూస్‌లో వచ్చినవే.

2019 ఫిబ్రవరి. హైదరాబాద్ శివార్లలో ఒక గేటెడ్ కమ్యూనిటీ. ఆరేళ్ళ పిల్లాడు పార్కులో ఆడుకుంటూ లైట్ పోల్‌ని తాకాడు, షాక్ కొట్టి చనిపోయాడు. 2023 జూన్ 25. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ బయట వాన నీళ్ళు నిలిచాయి. వాటిని దాటబోతూ ఆసరాకి కరెంటు స్తంభం పట్టుకున్న ఒక టీచర్ అక్కడికక్కడే పోయింది. 2024 జులై. ఢిల్లీ పటేల్ నగర్‌లో సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒక కుర్రాడు వాన నీళ్ళలో నడుస్తూ ఇనుప గేటు పట్టుకున్నాడు. అంతే.

మూడింట్లోనూ ఒకటే సీన్. ఎవరూ తీగ ముట్టుకోలేదు. స్విచ్ బోర్డులో చెయ్యి పెట్టలేదు. కరెంటు ఉండకూడని ఇనుముని తాకారు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో 2019, 2020, 2021, ఏ ఏడాది తీసుకున్నా కరెంటు షాక్‌తో చనిపోయినవాళ్ళు దేశంలో 12,000 పైనే. అంటే రోజుకి ముప్పై మందికి పైగా.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వచ్చే మొదటి ప్రశ్న, "ఎర్త్ లేదా?" అని. మన దగ్గర ఏ పని చేయించినా వచ్చే జవాబు మీకు తెలుసు. "ఎర్త్ ఉందన్నా, రాడ్ కొట్టినాం." ఆ మాట నిజమే కావచ్చు. రాడ్ కొట్టే ఉంటారు. కానీ ఎక్కడ కొట్టారు, ఎంత లోతు పోయింది, ఆ నేల కరెంటుని లాగుతుందా? ఈ ప్రశ్నలకి జవాబు చరిత్రలో ఉంది. పదండి.

అసలు భూమికి తీగ కట్టాలన్న ఆలోచన సేఫ్టీ కోసం రాలేదు. డబ్బు మిగుల్చుకోవడం కోసం వచ్చింది. 1838లో కార్ల్ ఆగస్ట్ వాన్ స్టైన్‌హైల్ అనే జర్మన్ సైంటిస్టు టెలిగ్రాఫ్ మీద పని చేస్తున్నాడు. కరెంటు పోవడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ కావాలి కదా. న్యూరెంబర్గ్ దగ్గర రైలు పట్టాలనే తీగల్లా వాడదామని ట్రై చేశాడు. పట్టాల్లోంచి కరెంటు నేలలోకి జారిపోతోంది. ఎక్స్‌పెరిమెంట్ ఫెయిల్. కానీ ఆ ఫెయిల్యూర్‌లోంచే ఐడియా వచ్చింది. నేలలోకి కరెంటు పోతోందంటే నేల కూడా తీగే కదా! రెండు ఊళ్ళలో రెండు లోహపు ప్లేట్లు భూమిలో పాతితే చాలు, రెండో తీగ అక్కర్లేదు. సగం ఖర్చు మిగిలింది.

మన దేశంలో టెలిగ్రాఫ్‌కి ఆద్యుడు విలియం ఓషానెసీ. ఈస్టిండియా కంపెనీలో ఐరిష్ డాక్టరు, కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. 1839లోనే కలకత్తా దగ్గర దాదాపు 21 మైళ్ళ తీగ లాగి ప్రయోగాలు చేశాడు. 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య లైన్ పడింది. 1855కల్లా మద్రాసు కూడా ఆ నెట్‌వర్క్‌లోకి వచ్చేసింది. తర్వాత రైళ్ళు. మద్రాసు రైల్వే 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైన్‌తో కలిసింది. మన ఎర్రగుంట్ల స్టేషన్ ఆ లైన్ మీదే ఉంది. ఆ కాలం టెలిగ్రాఫ్ ఎక్కువగా ఒంటి తీగతో నడిచేది. రెండో తీగ పని భూమే చేసేది. అంటే మన నేలకీ కరెంటుకీ మొదటి పరిచయం బల్బుతో కాలేదు, టెలిగ్రాఫ్‌తో అయింది.

టెలిగ్రాఫ్ కరెంటు చాలా చిన్నది. భూమి ఎంత అడ్డం పడినా బ్యాటరీలు కాస్త పెంచితే సరిపోయేది. అందుకే "భూమి అంటే ఎంత కరెంటునైనా మింగేస్తుంది" అనే నమ్మకం పుట్టింది. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. పొలాల్లో మోటారు షెడ్డు దగ్గర చూసే ఉంటారు. న్యూట్రల్ లేకపోతే ఒక ఫేజ్ తీసుకుని, రెండో కొసని భూమిలో కొట్టిన రాడ్‌కి చుట్టి బల్బు వెలిగిస్తారు. స్టైన్‌హైల్ ట్రిక్కే అది, 1838 నాటిది. కాకపోతే ఇక్కడ నడిచేది టెలిగ్రాఫ్ బ్యాటరీ కాదు, 230 వోల్ట్స్. ఆ రాడ్‌కి కట్టిన తీగ ఊడితే, బల్బు ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ ఊడిన కొస మీద ఫేజ్ ఉంటుంది. రాడ్ చుట్టూ తడి నేల కూడా ప్రమాదమే. దయచేసి ఎవరూ చేయొద్దు.

ఇప్పుడు కథ రెండో మలుపు. 1880ల్లో ఇళ్ళకి, వీధులకి కరెంటు లైట్లు వచ్చాయి. అప్పుడు ఇంజనీర్ల మధ్య పెద్ద వాదన నడిచింది. సిస్టమ్‌లో ఒక పాయింట్‌ని భూమికి కలపాలా, లేక మొత్తం సిస్టమ్‌ని భూమికి తగలకుండా ఉంచాలా? ఏళ్ళ తరబడి తేలలేదు. అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 1913లో ఒక పరిమితి దాకా ఉన్న వోల్టేజీలకి భూమికి కలపడాన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో 1910లో ఇండియన్ ఎలక్ట్రిసిటీ యాక్ట్ వచ్చింది. దాని కింద 1956లో వచ్చిన ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 61వ రూల్ మొత్తం ఎర్తింగ్ గురించే. ఆంధ్రప్రదేశ్ ఎలక్ట్రిసిటీ బోర్డు 1959లో ఏర్పడింది. ఎర్తింగ్ ఎలా చేయాలో చెప్పే ఇండియన్ స్టాండర్డ్, ఐఎస్ 3043, 1966లో వచ్చింది. తర్వాత 1987లో, 2018లో దాన్ని మార్చి రాశారు.

అంటే టెలిగ్రాఫ్ కాలంలో తీగలా పనిచేసిన భూమికి ఇప్పుడు కాపలా డ్యూటీ ఇచ్చారన్నమాట. ఆ డ్యూటీ ఏంటో సింపుల్‌గా చూద్దాం. పోల్ లోపల ఫేజ్ తీగ తొక్క ఊడి ఇనుముకి తగిలింది. ఇనుముని ఎర్త్‌కి కలిపాం కాబట్టి కరెంటు ఒక్కసారిగా భూమిలోకి దూకుతుంది. అంత పెద్ద కరెంటు చూసి ఫ్యూజ్ పోవాలి, లేదా ఎంసీబీ ట్రిప్ అవ్వాలి. సప్లై కట్. మనిషి సేఫ్. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళకి చెప్పాలంటే ఎర్త్ అనేది ఒక ఎర్రర్ హ్యాండ్లర్. రోజూ దానికి పని ఉండదు. ఎర్రర్ వచ్చిన రోజు మాత్రం పని చేసి తీరాలి.

ఇక్కడే లెక్క చేయాలి. మన ఇళ్ళకి కరెంటు స్తంభం నుంచి సాధారణంగా వచ్చేవి ఫేజ్, న్యూట్రల్ మాత్రమే. ఎర్త్ తీగ రాదు. అది మన స్థలంలో మనమే వేసుకోవాలి. కాబట్టి ఫాల్ట్ వచ్చినప్పుడు కరెంటు మన రాడ్ నుంచి నేలలోకి దిగి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఎర్త్ దాకా నడిచి, అక్కడ పైకెక్కాలి. దారిలో నేల ఎంత అడ్డం పడితే కరెంటు అంత తగ్గుతుంది. వోల్టేజీని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు. ఇంటర్ ఫిజిక్సే.

మంచి నేల తీసుకుందాం. తడిగా ఉన్న నల్లరేగడి. రెండున్నర మీటర్ల రాడ్ పూర్తిగా దిగింది. రెసిస్టెన్స్ ఒక 12 ఓమ్స్ వచ్చిందనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఇంకో 3 ఓమ్స్. మొత్తం 15. అప్పుడు 230ని 15తో భాగిస్తే 15 యాంప్స్. మీ ఇంట్లో ఆ లైన్‌కి 16 యాంప్స్ ఎంసీబీ ఉంటే అది కదలదు. 6 యాంప్స్‌ది ఉన్నా వెంటనే పడదు, లోపల వేడెక్కి కొన్ని సెకన్ల తర్వాత పడుతుంది. ఆ టైమంతా పోల్ మీద 180 వోల్ట్స్ ఉంటాయి. మంచి నేలలోనే సీన్ ఇది.

ఇప్పుడు ఎర్రగుంట్లకి రండి.

మన ఊరి చుట్టూ ఏముంది? సిమెంట్ ఫ్యాక్టరీలు, నాపరాళ్ళ గనులు, పాలిష్ యూనిట్లు. ఊరికే రాలేదు అవి. కాళ్ళ కింద సున్నపురాయి ఉంది కాబట్టి వచ్చాయి. దేశమంతా కడప బండ అని పిలిచే రాయి ఈ ప్రాంతానిదే. ఈ రాళ్ళ మీద జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ 1872లోనే కడప, కర్నూలు శిలల గురించి పెద్ద రిపోర్టు ప్రచురించాడు. జియాలజీ చదివేవాళ్ళకి ఇప్పటికీ అది తెలుసు. పక్కనే కలమల్ల దగ్గర 1994లో మొదలైన రాయలసీమ థర్మల్ ప్లాంటు ఇప్పుడు 1,650 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. కరెంటు పుట్టే చోటు మనది. అదే కరెంటు ఫాల్ట్ అయితే మింగాల్సిన నేల మాత్రం ఆ పనికి సరిపోదు.

ఎందుకంటే ఎండిన సున్నపురాయి కరెంటుకి గట్టిగా అడ్డం పడుతుంది. తడి బంకమట్టికి పదుల్లో ఉండే విలువ, ఎండు రాతినేలకి వందల్లో, వేలల్లో ఉంటుంది. ఒక మీటరు ఘనానికి 1,000 ఓమ్స్ అనుకుని అదే రెండున్నర మీటర్ల రాడ్‌కి ఫార్ములా వేస్తే రెసిస్టెన్స్ దాదాపు 390 ఓమ్స్ వస్తుంది. 230ని 390తో భాగించండి. అర యాంప్ కంటే కాస్త ఎక్కువ. నాలుగు గార్డెన్ లైట్లు వెలిగితే అయ్యేంత కరెంటు అది. ఎంసీబీ దృష్టిలో అక్కడ ఫాల్టే లేదు. గంటలు కాదు, నెలలైనా పడదు. ఆ నెలలన్నీ పోల్ మీద దాదాపు మొత్తం 230 వోల్ట్స్ ఉంటాయి. లైటు మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

అది కూడా రాడ్ పూర్తిగా దిగితేనే. మన దగ్గర రెండడుగులు పోగానే బండ తగులుతుంది. స్టాండర్డ్ ప్రకారం బండ అడ్డమొస్తే రాడ్‌ని ఏటవాలుగా, నిలువు నుంచి 30 డిగ్రీలకి మించకుండా వంచి దించొచ్చు, పొడవు మాత్రం రెండున్నర మీటర్లకి తగ్గకూడదు. కానీ సైట్ మీద జరిగేదేంటి? మిగిలిన రాడ్‌ని హ్యాక్సా బ్లేడుతో కోసేస్తారు. పైన మట్టి కప్పేస్తారు. "రాడ్ కొట్టినాం అన్నా." కొట్టారు. రెండడుగులు.

గార్డెన్‌లో ఇంకో ట్విస్ట్ ఉంది. లాన్‌కి రోజూ నీళ్ళు కొడతాం. పైన నాలుగంగుళాలు తడి, కింద పొడి బండ. ఆ తడి మనిషి కాళ్ళకి కలిసొస్తుంది, అంటే కరెంటు ఒంట్లోంచి పోవడానికి దారి ఈజీ అవుతుంది. రాడ్‌కి కావాల్సిన లోతు తడి మాత్రం అందదు. వట్టి కాళ్ళతో తడి గడ్డి మీద నిలబడి పోల్ పట్టుకున్న పిల్లాడికి, భూమితో కాంటాక్ట్ ఆ ఎర్త్ రాడ్ కంటే పెద్ద తేడాగా ఏమీ ఉండదు.

మన పెద్దోళ్ళకి ఈ సమస్య తెలియక కాదు. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, పైన గరాటు పెట్టి నీళ్ళు పోసే పద్ధతి అందుకే వచ్చింది. ఉప్పు నీటిలో కలిసి చుట్టూ నేలకి కాస్త దారి ఇస్తుంది, బొగ్గు తేమ పట్టుకుంటుంది. మంచిదే. కానీ ఎండాకాలం నీళ్ళు పోయడం మానేస్తే గుంత ఎండిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఉప్పు కరిగి పోతుంది, జీఐ పైపుని తినేస్తుంది కూడా. ఏప్రిల్, మే నెలల్లో తాగడానికే నీళ్ళు చూసుకునే ఊళ్ళలో ఎర్త్ గుంతకి బిందె నీళ్ళు ఎవరు పోస్తారు చెప్పండి?

మరి ప్రపంచంలో ఎండిన నేలలున్న మిగతావాళ్ళు ఏం చేశారు? ఇద్దరి కథలు చెప్తాను. ఒకటి అమెరికా ఎడారి, ఇంకోటి ఆఫ్రికా గనులు.

మొదటిది హెర్బర్ట్ యూఫర్. రెండో ప్రపంచ యుద్ధం టైంలో అమెరికా సైన్యం ఆరిజోనాలో బాంబులు దాచే గిడ్డంగులు కట్టింది. పిడుగు పడితే ఏమవుతుందో మీరే ఊహించండి. మంచి ఎర్త్ కావాలి. కానీ ఎడారి, వాన లేదు, భూమిలో నీటి పైపులు కూడా లేవు. యూఫర్ చేసిన పని ఏంటంటే, పునాది కాంక్రీట్ లోపల ఉన్న ఇనుమునే ఎర్త్‌గా వాడటం. కాంక్రీట్ చూడ్డానికి పొడిగా ఉంటుంది కానీ లోపల తేమని వదలదు. పైగా పెద్ద పునాది కాబట్టి నేలని చాలా వైశాల్యంలో అంటుకుని ఉంటుంది. ఏళ్ళ తర్వాత కూడా కొలిస్తే 2 నుంచి 5 ఓమ్స్ మధ్యలోనే వచ్చింది. 1960ల్లో ఆయన ఆ ఫలితాలు బయటపెట్టాక అమెరికా కోడ్‌లోకి ఈ పద్ధతి వచ్చింది. ఇంజనీర్లు ఇప్పటికీ యూఫర్ గ్రౌండ్ అంటారు.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి చూడండి. ఎర్త్‌కి అడ్డం పడుతున్న ఆ సున్నపురాయినే కాల్చి, పొడి చేసి, సిమెంట్ బస్తాల్లో నింపి మన ఊరు అందరికీ పంపిస్తోంది. అదే రాయి కాంక్రీట్ రూపంలో తిరిగొస్తే ఎర్త్‌కి సాయం చేస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా కొత్త ఇల్లు కడుతుంటే, పునాది కాంక్రీట్ పోసే ముందే ఎలక్ట్రీషియన్‌ని, ఇంజనీర్‌ని కూర్చోబెట్టి ఈ మాట అడగండి. పోశాక అడిగితే లేటు. పునాది కింద ప్లాస్టిక్ షీట్ వేస్తే నేలతో కాంటాక్ట్ పోతుందని కూడా గుర్తుపెట్టుకోండి. రాతినేలలో మనకి ఆరిజోనా అంకెలే వస్తాయని అనుకోవద్దు, కొలిచి చూసుకోవాల్సిందే. కానీ రెండడుగుల రాడ్ కంటే ఎన్నో రెట్లు నయం.

రెండో కథ హెన్రీ రూబిన్. సౌతాఫ్రికా ఇంజనీర్. బంగారు గనుల్లో కరెంటు షాక్‌లు పెద్ద సమస్య. అప్పటికే లీకయ్యే కరెంటుని పసిగట్టే సిస్టమ్స్ ఉన్నాయి కానీ దాదాపు 10 యాంప్స్ లీకైతే గానీ అవి కదిలేవి కావు. మనిషిని చంపడానికి అందులో వందో వంతు చాలు. రూబిన్ 1955లో 250 మిల్లీ యాంప్స్‌కి పడిపోయే పరికరం చేశాడు. అది మెషీన్‌కి బాగుంది, మనిషికి చాలదు. మళ్ళీ కూర్చున్నాడు. 1956 మొదట్లో 12.5 నుంచి 17.5 మిల్లీ యాంప్స్ లీకైతే చాలు, సప్లై కట్ చేసే ప్రోటోటైప్ తయారైంది. తర్వాత స్టిల్‌ఫాంటైన్ అనే గనుల ఊళ్ళో ఒక మహిళ ఇంట్లో షాక్‌తో చనిపోవడంతో, ఆ ఊళ్ళో ఇలాంటి పరికరాలు కొన్ని వందలు బిగించారు.

అమెరికాలో అదే టైంలో చార్లెస్ డాల్జీల్ అనే బర్క్‌లీ ప్రొఫెసర్ ఇంకో ప్రశ్న వెంట పడ్డాడు. ఎంత కరెంటు తగిలితే మనిషి పట్టుకున్నదాన్ని వదల్లేడు? వాలంటీర్ల మీద కొలిచాడు. సగటున మగవాళ్ళకి 16 మిల్లీ యాంప్స్, ఆడవాళ్ళకి 10.5. ఆ పైన చెయ్యి బిగుసుకుపోతుంది. "కరెంటు పట్టేసుకుంది" అని మనం అనేది ఇదే. పట్టుకునేది మన కండరాలే, కరెంటు వాటిని బిగిస్తుంది. 1961లో ఆయన ట్రాన్సిస్టర్లతో చేసిన పరికరమే అమెరికాలో జీఎఫ్‌సీఐగా పాపులర్ అయింది. మన దగ్గర దాని చుట్టమే ఆర్‌సీసీబీ.

ఇది ఎలా పనిచేస్తుందో మన భాషలో చెప్తాను. గొర్రెల కాపరి పొద్దున దొడ్డి నుంచి నూరు గొర్రెల్ని తోలుకుపోతే, సాయంత్రం నూరూ రావాల. తొంభై తొమ్మిది వస్తే ఒకటి ఎక్కడో తప్పిపోయినట్టే. ఆర్‌సీసీబీ చేసేది అదే. ఫేజ్‌లో ఎంత కరెంటు పోయిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి. 30 మిల్లీ యాంప్స్ తగ్గినా, అంటే అంత కరెంటు పోల్ గుండానో మనిషి గుండానో నేలలోకి జారినా, సెకనులో చిన్న భాగంలో మొత్తం ఆఫ్ చేసేస్తుంది. ఇప్పుడు మన 390 ఓమ్స్ రాడ్ దగ్గరకి మళ్ళీ రండి. అక్కడ లీకయ్యేది అర యాంప్ పైన, అంటే 500 మిల్లీ యాంప్స్ కంటే ఎక్కువ. ఎంసీబీకి అది కనబడలేదు. ఆర్‌సీసీబీకి కావాల్సిన దానికి పదిహేను రెట్లకి పైగా. కరెంటు ఇచ్చిన క్షణంలోనే పడిపోతుంది. ఎవరూ పోల్ ముట్టుకోకముందే.

ఈ ఎపిసోడ్‌లో ఒక్క పాయింట్ గుర్తుంచుకోమంటే ఇదే చెప్తాను. రాతినేలలో ఎర్త్ ఒక్కటే మనిషిని కాపాడలేదు. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ కలిస్తేనే కాపాడతాయి. ఎర్త్ తీగ ఉంటే ఫాల్ట్ వచ్చిన వెంటనే పడుతుంది. ఎర్త్ తీగ అసలు లేకపోతే పరికరం మీ చెయ్యి తగిలేదాకా ఆగుతుంది, అప్పుడు మీకు ఒక దెబ్బ తగిలాక పడుతుంది. అందుకే రెండూ కావాలి.

చట్టం ఏం చేసింది? అమెరికా కోడ్ ఈ పరికరాన్ని మొదట అడిగిన చోట్లు చూడండి. 1968లో స్విమ్మింగ్ పూల్ నీళ్ళలోని లైట్లకి. 1973లో ఇళ్ళ బయట ఉండే ప్లగ్ పాయింట్లకి. అంటే తడి నేల, వట్టి కాళ్ళు ఉండే చోట్లే ముందు. మన 1956 రూల్స్‌కి తర్వాత 61-ఎ చేర్చి ఎర్త్ లీకేజీ పరికరం అడిగారు. 2010లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ తెచ్చిన సేఫ్టీ రెగ్యులేషన్స్‌లోనూ అది కొనసాగింది, కానీ 5 కిలోవాట్ల లోపు చిన్న కనెక్షన్లని వదిలేశారు. మన వీధుల్లో ఎక్కువ ఇళ్ళు ఆ లిస్టులోవే. 2023లో వాటి స్థానంలో కొత్త రెగ్యులేషన్స్ వచ్చాయి. కానీ చాలా ఇళ్ళు ఎప్పుడో కట్టేసినవి. బోర్డులో ఏముందో చూసుకోవాల్సింది మనమే. షాపులో ఇప్పటికీ చాలామంది ఈఎల్‌సీబీ అనే అడుగుతారు. ఆ పేరు పాత రకం పరికరానిది, అది ఎర్త్ తీగలో వోల్టేజీని చూసి పనిచేసేది. మీరు కొనేటప్పుడు ఆర్‌సీసీబీ, 30 మిల్లీ యాంప్స్ అని స్పష్టంగా అడగండి. 100, 300 మిల్లీ యాంప్స్‌వి కూడా ఉంటాయి, అవి మనిషి ప్రాణం కోసం చేసినవి కాదు.

సరే, అసలు పోల్‌లోకి ఫాల్ట్ ఎలా వస్తుంది? మన ఎండకి పీవీసీ తొక్క గట్టిపడి పగుళ్ళిస్తుంది. కేబుల్‌ని పైపు లేకుండా అరడుగు లోతులో పూడుస్తారు, మొక్కల కోసం గడ్డపార వేస్తే దానికి తగులుతుంది. ఎలుకలు కొరుకుతాయి. పోల్ అడుగున చిన్న తలుపు ఉంటుంది, లోపల తీగలు మెలేసి టేప్ చుట్టి వదిలేస్తారు. స్ప్రింక్లర్ నీళ్ళు రోజూ దాని మీదే పడతాయి. ఇక అన్నిటికంటే డేంజర్ ఒకటుంది. ఎర్త్ తీగ లాగడం బద్ధకమై, పోల్ దగ్గరే న్యూట్రల్‌ని ఇనుముకి కట్టేస్తారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, లైటు ఆరిపోతుంది, పోల్ మొత్తం లైవ్ అవుతుంది. "లైటు వెలగడం లేదే" అని దాన్ని తట్టి చూసేవాడి గతి ఏంటో ఆలోచించండి.

మంచి వార్త కూడా ఉంది. పాత గార్డెన్ లైట్లకి 230 వోల్ట్స్ కావాల్సి వచ్చింది, బల్బులు అలాంటివి. మన దేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్ఈడీ ధరలు బాగా పడిపోయాయి. ఎల్ఈడీకి అసలు తక్కువ వోల్టేజీ చాలు. అంటే తోటలోకి 230 వోల్ట్స్ పంపాల్సిన పనే లేదు. ఇంట్లో, తడి తగలని చోట మంచి ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, బయటికి 12 వోల్ట్స్ మాత్రమే పంపండి. అప్పుడు ఆ తీగ తెగినా ప్రాణం మీదకి రాదు. సోలార్ గార్డెన్ లైట్లు కూడా తక్కువ వోల్టేజీవే. ఎండ మనకి తక్కువా?

ఈ వారం చేయాల్సినవి చెప్తాను. ఒకటి, మీ మెయిన్ బోర్డు తెరిచి చూడండి. టి అని రాసిన చిన్న బటన్ ఉందా? ఉంటే నొక్కండి, మొత్తం పడిపోవాలి. పడకపోతే మార్చండి. నెలకోసారి నొక్కండి. ఆ బటన్ పరికరం పనిచేస్తోందనే చెప్తుంది, ఎర్త్ బాగుందని చెప్పదు. రెండు, ఎర్త్‌ని ఎర్త్ టెస్టర్ మీటర్‌తో కొలిపించండి, అదీ ఎండాకాలంలో. వానాకాలం రీడింగ్ చూసి సంతోషపడొద్దు. మూడు, అన్ని పోల్స్‌నీ కలుపుతూ ఒక ఎర్త్ తీగ తెగకుండా ఇంటి మెయిన్ ఎర్త్ దాకా రావాలి. ఒక్కో పోల్‌కి ఒక్కో చిన్న రాడ్ కొట్టి వదిలేస్తే చాలదు. నాలుగు, జాయింట్లు టేప్‌తో కాదు, నీళ్ళు దూరని బాక్సుల్లో ఉండాలి. ఇవన్నీ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, యూట్యూబ్ చూసి మీరే తీగలు పట్టుకోవద్దు.

ఎవరికైనా షాక్ కొట్టి పోల్‌కి అంటుకుపోతే ముందు మెయిన్ ఆఫ్ చేయండి. మనిషిని చేత్తో లాగొద్దు. ఆఫ్ చేయడం కుదరకపోతే ఎండిన కర్రతో విడిపించండి, మీ కాళ్ళ కింద తడి లేకుండా చూసుకోండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మీద నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టండి. వీధి స్తంభానికో, పార్కు లైటుకో జివ్వుమని తగిలిందని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోవద్దు. 1912కి కంప్లైంట్ ఇచ్చి, కంప్లైంట్ నంబర్ తీసుకోండి, పిల్లల్ని అటు పోనివ్వొద్దు.

స్టైన్‌హైల్ కాలం నుంచి మనుషులు భూమిని నమ్ముతూ వచ్చారు. ఎడారిలో యూఫర్, గనుల్లో రూబిన్ మాత్రం నమ్మడానికి ముందు కొలిచారు. మనది కూడా అలాంటి నేలే. ఈసారి ఎవరైనా "ఎర్త్ ఉందన్నా" అంటే రెండే రెండు అడగండి. "ఎన్ని ఓమ్స్ వచ్చింది? ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ యాంప్స్‌ది?" జవాబు రాకపోతే ఆ పోల్‌కి స్విచ్ వేయొద్దు.

ఇంట్లో అమ్మానాన్నలకి ఇది చదివి వినిపించండి. ముఖ్యంగా ఈ సీజన్‌లో పెళ్ళిళ్ళున్న వాళ్ళకి పంపండి. లాన్‌లో సీరియల్ సెట్లు వేసే ముందు చూసుకుంటారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త ఫ్రెండ్స్, ఉంటాను.